చైనా జింగ్‌యున్ దాగు: డోలు, చిడతలతో పాడే కథల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చైనా కళ అనగానే మనలో చాలామందికి పెకింగ్ ఒపేరా గుర్తొస్తుంది. ముఖం నిండా రంగులు, జరీ దుస్తులు, వేదిక మీద పల్టీలు. అవేవీ లేకుండా ఒక్క మనిషి నిలబడి, ఎదురుగా చిన్న డోలు పెట్టుకుని, పావుగంటలో ఒక యుద్ధాన్నో ఒక విరహాన్నో పూర్తిగా చెప్పేసే కళ కూడా ఉత్తర చైనాలో ఉంది. కొత్తగా వినడం మొదలుపెట్టినవాళ్లకు వచ్చే సందేహాలకు జవాబులు ఇక్కడ రాశాను. నా మట్టుకు ఇది ముందు కథ, ఆ తర్వాతే సంగీతం. జవాబులన్నీ ఆ వైపు నుంచే రాశాను.

అసలు జింగ్‌యున్ దాగు అంటే ఏమిటి?

ఉత్తర చైనాలో డోలు వాయిస్తూ కథ పాడే పద్ధతులు చాలా ఉన్నాయి. వాటన్నిటినీ కలిపి దాగు అంటారు. వాటిలో బీజింగ్ ఉచ్చారణతో, బీజింగ్, తియాన్‌జిన్ నగరాల్లో రూపు దిద్దుకున్నది జింగ్‌యున్ దాగు. కథ చెప్పేది ఒక్కరే. పాట వాళ్లదే, మాట వాళ్లదే. కుడిచేతి పుల్లతో డోలు కొడతారు, ఎడమచేత్తో చిడతలు పలికిస్తారు. పక్కన ఇద్దరు ముగ్గురు వాద్యకారులు ఉంటారు. ఒక కథ సుమారు పదిహేను, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

డోలు పాట అంటున్నారు, మరి పాడుతుంటే డోలు పెద్దగా వినపడదేం?

మొదటిసారి విన్న ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఇది. దీని జవాబు అర్థమైతే సగం కళ అర్థమైనట్టే.

చైనా భాషలో ఒక అక్షరాన్ని ఏ స్థాయిలో పలికారో దాన్నిబట్టి అర్థం మారిపోతుంది. బీజింగ్ మాటలో అలాంటి స్థాయిలు నాలుగు. గొంతు ఎక్కాల్సిన చోట దిగితే అది వేరే మాట అయిపోతుంది. అందుకని జింగ్‌యున్ దాగులో ట్యూన్ ముందు కట్టేసి మాటల్ని అందులో ఇరికించరు. మాట ఎటు ఎక్కితే రాగం అటు ఎక్కుతుంది, మాట దిగితే అదీ దిగుతుంది. ఇంత జాగ్రత్తగా పలికే మాట మీద డోలు మోగిస్తే శ్రోతకు కథ అందదు. కాబట్టి పాడుతున్నంతసేపూ తాళం చూసుకునేది ప్రధానంగా చిడతలే. డోలు మొదట్లో గట్టిగా మోగుతుంది, ఆ తర్వాత పాదాల మధ్య ఖాళీల్లోనూ, కథ మలుపు తిరిగే చోటా పలుకుతుంది.

పుల్లకు ఇంకో పని కూడా ఉంది. అది డోలును తాకేదానికంటే గాల్లో ఆడేదే ఎక్కువ. యోధుడి కథలో అది ఈటె, గుర్రం మీద వెళ్తుంటే కొరడా, పడవ కథలో గెడ, ఉత్తరం రాసే చోట కుంచె. పైకెత్తిన పుల్ల ఎటు చూపిస్తే జనం చూపు అటే పోతుంది.

వేదిక మీద ఏమేం వాయిద్యాలు ఉంటాయి?

డోలు చదునుగా, రెండు వైపులా తోలుతో, అడుగుకు కాస్త అటూ ఇటూ వెడల్పుతో ఉంటుంది. మడతపెట్టడానికి వీలుగా ఉండే కాళ్ల స్టాండు మీద, నిలబడి కొట్టడానికి అనువైన ఎత్తులో పెడతారు. చిడతలు గంధపు చెక్క లాంటి గట్టి కలపతో చేసిన రెండు పలకలు.

పక్కవాద్యాల్లో ముఖ్యమైనది సాన్‌షియెన్. మూడు తీగలు, పొడవాటి మెడ, చిన్న పెట్టె మీద కొండచిలువ తోలు. మెడ మీద మెట్లు ఉండవు కాబట్టి వేలు ఎక్కడికైనా జారుతుంది, గొంతు జారిన చోటికల్లా తీగ కూడా జారగలదు. రెండోది సిహూ, కమానుతో వాయించే నాలుగు తీగల వాద్యం. కొన్ని బృందాల్లో పీపా అనే తీగల వాద్యం కూడా ఉంటుంది.

సాన్‌షియెన్ వాయించేవాళ్లను ఉత్త పక్కవాద్యం అనుకోవద్దు. ఈ సంప్రదాయంలో గాయకులకు బాణీలు కట్టింది, పాఠం చెప్పింది చాలాసార్లు వాళ్లే. లియూ బావోచువాన్ అనే మహా గాయకుడికి వాయించిన హాన్ యోంగ్‌లూ తర్వాతి కాలంలో లువో యూషెంగ్‌కు గురువయ్యాడు. ఒక గాయకుడి విద్య ఇంకో తరం గాయనికి తీగల మీదుగా చేరింది. రికార్డింగ్ మీద గాయని పేరు ఒక్కటే పెద్ద అక్షరాల్లో ఉంటే నాకు బాధగా ఉంటుంది.

ఒక ప్రదర్శన మొదటి నుంచి చివరి దాకా ఎలా నడుస్తుంది?

వాద్యకారులు ముందే కూర్చుని ఉంటారు. గాయని వచ్చి డోలు వెనక నిలబడి, రెండు మాటల్లో పలకరించి ఏ కథ పాడబోతున్నారో చెబుతారు. పుల్ల, చిడతలు చేతికి తీసుకున్నాక మాటలు ఆగిపోతాయి. డోలు, తీగలు కలిసి ఒక మొదలు వరుస వాయిస్తాయి. డోలు విద్య పూర్తిగా బయటపడేది ఇక్కడే: పుల్ల మధ్యలో కొడితే బరువైన మోత, అంచు మీద కొడితే పొడి శబ్దం, మధ్యమధ్యలో చిడతల చప్పుడు. జనం మాటలు సద్దుమణుగుతాయి.

మొదటి నాలుగైదు పాదాలు చౌకకాలంలో వస్తాయి. సాధారణంగా అవి కథకు ఉపోద్ఘాతం: ఏ కాలం, ఏ ఊరు, ఎవరి కష్టం. ఒక్కో అక్షరాన్ని సాగదీసి, చివర్లో తిప్పి వదులుతారు. కథ నడక అందుకున్నాక పాట మాటకు దగ్గరవుతుంది. పాడుతున్నారా చెబుతున్నారా అని తేల్చుకోలేని ఈ నడిమి పద్ధతే ఈ కళకు ప్రాణం. సేనాపతి గర్జన వస్తే గొంతు మారుతుంది, భుజాలు మారతాయి. మరుక్షణమే మళ్లీ కథకురాలి గొంతు. వేషం మార్చేది లేదు, ముఖానికి రంగు లేదు. చివరికి వచ్చేసరికి కాలం దుడుకవుతుంది, పాదాలు ఒకదాన్ని ఒకటి తరుముతాయి, ఆఖరి పాదం దగ్గర మళ్లీ సాగదీసి ముగిస్తారు.

పద్యం కొలత గురించి ఒక్క మాట. పాదానికి ఏడక్షరాలు మూలం, వాటిమీద అవసరాన్నిబట్టి పెంచుకుంటారు. పాదాలు జంటలుగా నడుస్తాయి. జంటలో రెండో పాదానికి అంత్యప్రాస తప్పనిసరి. కథ మొదలైన ప్రాసతోనే చివరిదాకా వెళ్లాలి. బీజింగ్ మాటకు పదమూడు ప్రాస వర్గాలు ఉన్నాయని వాళ్ల లెక్క. నూట యాభై పాదాల కథంతా ఒకే ప్రాస మీద నడిపించి, అది ఎక్కడా అతికించినట్టు అనిపించకుండా రాయడం చిన్న పని కాదు.

ఇది ఎక్కడ పుట్టింది?

పల్లెల్లో. హెబెయ్ రాష్ట్రంలోని హెజియాన్ ప్రాంతంలో చెక్క చిడతలతో, డోలుతో పొడవాటి కథలు పాడేవాళ్లు. దాన్ని ముబాన్ దాగు అనేవారు. చింగ్ రాజవంశం చివరి రోజుల్లో ఆ గాయకులు బతుకుదెరువు కోసం బీజింగ్, తియాన్‌జిన్ వచ్చారు. హూ షి, సోంగ్ వూ, హువో మింగ్‌లియాంగ్ అనే ముగ్గురి పేర్లు ఆ తొలి తరంలో ముందు చెబుతారు.

నగరంలో రెండు మార్పులు వచ్చాయి. రాత్రుళ్ల తరబడి సాగే కథలు వినే తీరిక నగరం జనానికి లేదు. దాంతో పెద్ద కథలోంచి ఒక్క ఘట్టం తీసుకుని, దాన్ని చెక్కి చెక్కి పాడడం మొదలైంది. రెండోది సాహిత్యం. బీజింగ్‌లో మంచూ సైనిక కుటుంబాలకు చెందిన చదువుకున్నవాళ్లు జిదిషు అనే పేరుతో కథాకావ్యాలు రాసుకుని పాడుకునేవారు. హాన్ షియావోచువాంగ్ ఆ రచయితల్లో పేరున్నవాడు. ఆ పాడే పద్ధతి కనుమరుగైంది గానీ కావ్యాలు దాగు గాయకుల చేతికి వచ్చాయి. పల్లె గొంతుకు పట్నం సాహిత్యం తోడైంది.

లియూ బావోచువాన్ పేరు ప్రతిచోటా వస్తుంది. ఆయన చేసిందేమిటి?

లియూ బావోచువాన్ (1869–1942) ఆ ముగ్గురు పెద్దల దగ్గరా నేర్చుకున్నాడు. పెకింగ్ ఒపేరా కూడా చేశాడు. హెజియాన్ యాసలో ఉన్న పాటను బీజింగ్ ఉచ్చారణకు మార్చడం ఆయన చేసిన పెద్ద పని. ఒపేరా దిగ్గజం తాన్ షిన్‌పెయ్ ఇచ్చిన సలహాతోనే అలా మార్చాడని చెబుతారు. వినడానికి చిన్న మార్పులా ఉంటుంది. కానీ రాగం మాట స్థాయిని అనుసరించే కళలో యాస మారిస్తే బాణీలన్నీ మారాల్సిందే. ఆయన ఒక్కో కథను మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది.

ఒపేరా నుంచి చూపు, నిలబడే తీరు, చేతి ముద్రలు తెచ్చాడు. కానీ వాటిని డోలు వెనక నిలబడి చేసేంతవరకే ఉంచాడు. మూడు రాజ్యాల కాలపు యుద్ధ కథలు ఆయన ప్రత్యేకత. చాంగ్‌బాన్ వాలు కథనే తీసుకోండి. 208లో ఓడిపోయి పారిపోతున్న లియూ బెయ్ కుటుంబం శత్రుసేనలో చిక్కుకుంటుంది. "మీ" అనే ఇంటిపేరున్న అతని రాణి గాయపడి, పసిబిడ్డను అతని సేనాని జావో యున్ చేతికి అప్పగించి, తాను బరువు కాకూడదని బావిలో దూకుతుంది. ఇంత హడావిడి యుద్ధంలోనూ కథ ఆమె మాటల దగ్గర ఆగి నిలబడుతుంది.

అప్పట్లో తియాన్‌జిన్ వినోదశాలల్లో గారడీ, హాస్యం, పాటలు ఒకదాని తర్వాత ఒకటి నడిచేవి. ఆఖరి అంశం ఎవరిదైతే వాళ్లే ఆ రాత్రికి పెద్ద. ఆ స్థానం లియూ బావోచువాన్‌ది. డోలు లోకానికి రాజు అని జనం పిలుచుకున్నారు. ఆయన గ్రామఫోన్ రికార్డులు ఇప్పటికీ వినొచ్చు. పాత రికార్డుకు ఒక వైపు మూడు నిమిషాలే కాబట్టి కథ ముక్కలుముక్కలుగా ఉంటుంది, గరగర కూడా ఉంటుంది. అయినా వినండి.

లియూ శైలి, బాయ్ శైలి, జాంగ్ శైలి అంటారు. తేడా ఏమిటి?

లియూ శైలి పైస్థాయిలో, నిటారుగా, యుద్ధ కథలకు సరిపోయేలా ఉంటుంది. బాయ్ యున్‌పెంగ్ (1874–1952) గొంతు మెత్తన. ఎర్ర సౌధపు కల నవలలోని ఘట్టాలు, ముఖ్యంగా చావు దగ్గరపడ్డ కథానాయిక దాయ్‌యూ తన కవితల్ని నిప్పులో వేసే ఘట్టం ఆయన పేరు మీదే ఉన్నాయి. జాంగ్ షియావోషువాన్‌ది బలమైన, మోటు గొంతు. ఆ శైలి వారసులు తక్కువ.

తర్వాత చిన్న బాయ్ శైలి ఒకటి వచ్చింది. బాయ్ ఫెంగ్‌మింగ్ (1909–1980) గొంతు కింది స్థాయిలో బాగుండేది. సాన్‌షియెన్ వాయించే అన్న బాయ్ ఫెంగ్‌యాన్, తమ్ముడి గొంతుకు తగ్గట్టు లోతైన, మలుపులు ఎక్కువున్న బాణీలు కట్టాడు. పక్కవాద్యకారుడే ఒక శైలికి రూపం ఇవ్వడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

లువో యూషెంగ్ ఎవరు? ఆమె పాట ఎక్కడో విన్నట్టు అనిపిస్తుంది.

విని ఉండొచ్చు. లావో షె రాసిన ఒక పెద్ద నవల ఆధారంగా, జపాన్ ఆక్రమణలో ఉన్న బీజింగ్‌లో నాలుగు తరాల కుటుంబం కథతో 1985లో చైనా టీవీలో సీరియల్ వచ్చింది. దాని టైటిల్ పాట పాడింది లువో యూషెంగ్. అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. జింగ్‌యున్ దాగు పేరు కూడా తెలియని లక్షలాది ఇళ్లలో ఆ గొంతు మోగింది. ఆ వయసులో అంత పైస్థాయి ఎలా అందుకుందో ఎన్నిసార్లు విన్నా నాకు ఆశ్చర్యమే.

ఆమె 1914లో పుట్టింది. పసిగుడ్డుగా ఉన్నప్పుడే ఊరూరా తిరిగే ప్రదర్శనకారుల కుటుంబం పెంచుకుంది. చిన్నప్పుడు పాడింది ఒపేరా పాటలు, తర్వాత దాగుకు మారింది. షియావో చాయ్‌వూ అనే పేరుతో వేదిక ఎక్కేది. తియాన్‌జిన్‌లో స్థిరపడి 2002లో చనిపోయేదాకా అక్కడే ఉంది. లియూ శైలి ఎత్తు, చిన్న బాయ్ శైలి లోతు ఒకే గొంతులో కలపడం ఆమె సాధించిన పని.

మొదట ఏ కథ వినమంటారు?

సందేహం లేకుండా లువో యూషెంగ్ పాడిన జియాన్‌గె గంటల కథ.

కథ తెలియాలి కాబట్టి క్లుప్తంగా చెబుతాను. తాంగ్ చక్రవర్తి షువాన్‌జోంగ్‌కు యాంగ్ గుయ్‌ఫెయ్ అంటే ప్రాణం. 755లో ఆన్ లూషాన్ తిరుగుబాటు చేశాడు. మరుసటి ఏడు చక్రవర్తి రాజధాని చాంగాన్ వదిలి పడమరకు పారిపోతుంటే, మావెయ్ అనే చోట సొంత సైన్యమే ఎదురుతిరిగింది. ఈ అనర్థానికంతా యాంగ్ కుటుంబమే కారణమని, ఆమెను చంపితేనే కదులుతామని పట్టుబట్టింది. చక్రవర్తి తలవంచాడు. ఆమెకు ఉరి పడింది. అతను సిచువాన్ కొండదారిలో ముందుకు సాగిపోయాడు.

పాట ఆ చావును చూపించదు. ఆ తర్వాత ఒక రాత్రి, జియాన్‌గె దగ్గర విడిది. బయట వాన. చూరు గంటలు గాలికి మోగుతుంటాయి. చక్రవర్తికి నిద్ర లేదు. పాట మొత్తం ఇంతే, వేరే సంఘటన ఏదీ జరగదు. ఒక చోట వరుసగా నాలుగు పాదాలు ఒకే మాటతో మొదలవుతాయి: ఇక ఎన్నటికీ తాయ్‌యె కొలనులో జంట తామరలు కలిసి చూడలేం, ఇక ఎన్నటికీ ఆ అగరు మంటపంలో పాట కట్టుకోలేం, ఇక ఎన్నటికీ మేడ మీద వెన్నెల చూడలేం, ఇక ఎన్నటికీ ఆ చిరాయువు మందిరంలో కలకాలం ఉండాలని మొక్కుకోలేం. భాష రాకపోయినా ఆ నాలుగు మొదళ్లు చెవికి స్పష్టంగా తెలుస్తాయి. ప్రతిసారీ గొంతు వేరే ఎత్తు నుంచి బయల్దేరుతుంది. తర్వాత ఆ గంటల మీద, ఆ వాన మీద అతను విసుక్కుంటాడు. సైన్యాన్ని ఏమీ అనలేని చక్రవర్తి వాననైతే తిట్టగలడు. ఈ సాహిత్యం జిదిషు కావ్యం నుంచి వచ్చిందే.

ఇది బరువు అనిపిస్తే తెల్లవారుజాము పాట వినండి. అందులో కథ కూడా లేదు. సూర్యుడు రాబోయే వేళ బాటసారి మూట సర్దుకుని సత్రం విడుస్తాడు, జాలరి పడవ తాడు విప్పుతాడు, కట్టెలు కొట్టేవాడు, రైతు, బడికి వెళ్లే పిల్లవాడు, కుట్టుపని చేసే అమ్మాయి, పాడుకుంటూ పోయే పశువుల కాపరి ఒక్కొక్కరే వచ్చి వెళ్తారు. పాట చిన్నది, హాయిగా ఉంటుంది.

ఇంకా ఎలాంటి కథలు పాడతారు?

గువాన్ యూ ఒక్క కత్తితో శత్రువు విందుకు వెళ్లడం, హువారోంగ్ దారిలో చేతికి చిక్కిన త్సావ్ త్సావ్‌ను పాత మేలు గుర్తుచేసుకుని వదిలేయడం లాంటి వీరకథలు. పశ్చిమ మందిరం ప్రేమకథలో దాసీ హోంగ్‌నియాంగ్ రాయబారం, ఇది సరదాగా సాగుతుంది. మింగ్ వంశం కూలిపోతున్న రోజుల్లో నింగ్‌వూ కోటను కాపాడే సేనాని తల్లి దగ్గర సెలవు తీసుకోవడం. ప్రతి కథలోనూ వినేవాళ్లకు ముగింపు ముందే తెలుసు. దాన్ని ఎలా చెబుతారన్నదే చూస్తారు.

దాగుల్లో మిగతా రకాలు ఏమిటి?

చాలా ఉన్నాయి, నాకు ముఖ్యమనిపించినవి చెబుతాను.

షాన్‌డోంగ్ దాగు పొలాల్లో పుట్టింది. విరిగిన నాగలి కర్రు ముక్కల్నే తాళాలుగా వాడేవారు. తర్వాత వాటి కోసం లోహపు పలకలు చేయించుకున్నారు. 1903లో ధారావాహికగా మొదలైన లియూ ఎ నవలలో, జినాన్ నగరంలో సరస్సు పక్కన ఉన్న శాలలో బాయ్ నియూ అనే అమ్మాయి ఈ దాగు పాడే ఘట్టం ఉంది. ఒక గొంతు అంచెలంచెలుగా పైకి ఎక్కడాన్ని మాటల్లో పెట్టిన తీరుకు ఆ పేజీలు చైనాలో పాఠ్యపుస్తకాలకు ఎక్కాయి. వేదిక మీద చూడకుండానే ఎన్నో తరాల పిల్లలకు దాగు ఆ పేజీల్లో పరిచయమైంది.

షీహె దాగు హెబెయ్‌ది. ఇనుప పలకల తాళం, యాంగ్ వంశపు సేనానుల కథల్లాంటి రోజుల తరబడి సాగే కథలు. పాట లేకుండా కథ చెప్పే పింగ్‌షు కళలో పేరు తెచ్చుకున్న చాలామంది ఈ కుటుంబాల నుంచే వచ్చారు. రేడియోలో కోట్లమంది విన్న షాన్ తియాన్‌ఫాంగ్ తల్లి షీహె దాగు గాయని.

మేయ్‌హువా దాగులో కథ తక్కువ, రాగం ఎక్కువ. నెమ్మదిగా, అలంకారంగా ఉంటుంది. దాని బాణీలను మలిచిన లూ చెంగ్‌కె చూపులేని సాన్‌షియెన్ కళాకారుడు. దక్షిణాన జెజియాంగ్ రాష్ట్రంలో వెన్‌జౌ డోలు కథలు పూర్తిగా వేరే లోకం: భాష వేరు, ఎద్దు నరాల తీగలున్న వాద్యం వేరు. ఇవి కాక లావోతింగ్ దాగు, ఈశాన్య దాగు, జింగ్‌డోంగ్ దాగు.

ఇది ఎంత పాత సంప్రదాయం?

జింగ్‌యున్ దాగు వయసు నూట యాభై ఏళ్లకు అటూ ఇటూ. డోలుతో కథ చెప్పడం మాత్రం చాలా పాతది. 1957లో చెంగ్‌డూ దగ్గర తూర్పు హాన్ కాలపు సమాధిలో ఒక మట్టి బొమ్మ దొరికింది. బట్టతల, బానపొట్ట, చంకలో డోలు, చేతిలో పుల్ల, ఒక కాలు గాల్లోకి లేపి పగలబడి నవ్వుతున్న మనిషి. అది ఇప్పుడు బీజింగ్‌లోని జాతీయ మ్యూజియంలో ఉంది. సోంగ్ వంశ కాలంలో కవి లూ యౌ (1125–1210) ఒక పద్యంలో సాయంత్రపు ఎండలో, ముసలి చెట్ల కింద, డోలు మోసుకొచ్చిన గుడ్డి తాత చుట్టూ ఊరంతా చేరి కథ వినడం రాశాడు. ఆ బొమ్మ నుంచి నేటి గాయకుల దాకా తెగని దారం ఉందని నేను అనను. కానీ డోలు, పుల్ల, కథ చెప్పే మనిషి ఈ మూడింటి కలయిక మాత్రం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

మన దేశంతో ఏమైనా సంబంధం ఉందా?

నేరుగా లేదు. దూరంగా ఉంది. తాంగ్ కాలంలో బౌద్ధ కథల్ని కొంత వచనం, కొంత పద్యం కలిపి చెప్పే రచనలు చైనాలో వెలిశాయి. 1900లో దున్‌హువాంగ్ గుహలో బయటపడ్డ రాతప్రతుల్లో ఇవి దొరికాయి. నరకంలో ఉన్న తల్లిని విడిపించడానికి వెళ్లిన ములియెన్ కథ వాటిలో ప్రసిద్ధం. ములియెన్ అంటే బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడే. వచనం, పద్యం కలిపి కథ చెప్పే ఈ పద్ధతికి ప్రేరణ భారతదేశం నుంచి వచ్చిందని పండితుల్లో బలమైన వాదన ఉంది. తర్వాతి చైనా కథాగానానికి ఈ రచనలు పునాదుల్లో ఒకటని చెబుతారు.

మన బుర్రకథ లాంటిదేనా?

డోలు, కథ, నిలబడి చెప్పడం వరకు పోలిక ఉంది. బుర్రకథలో కథకుడి రెండు పక్కలా గుమ్మెటలతో వంతలు ఉంటారు, తందాన అంటారు, ప్రశ్నిస్తారు, నవ్విస్తారు. దాగులో వంత లేదు. ఆ పాత్ర పాదాల మధ్య సాన్‌షియెన్ తీసుకుంటుంది. కథకుడు మాత్రం ఒంటరే. బుర్రకథ రాత్రంతా సాగి జనాన్ని కదిలిస్తుంది, జింగ్‌యున్ దాగు పావుగంటలో ఒక్క ఘట్టాన్నే నూరి నూరి చెబుతుంది. రెండూ వేర్వేరు నేలల్లో విడివిడిగా పుట్టినవి.

కొరియా పాన్సోరి, చైనా పూల డోలు పాట కూడా ఇవేనా?

కావు. పాన్సోరిలో డోలు వాయించేది వేరే మనిషి, గాయకుల చేతిలో విసనకర్ర ఉంటుంది. ఫెంగ్‌యాంగ్ పూల డోలు అన్హుయ్ ప్రాంతపు ఆటపాట.

యుద్ధకాలంలో, ఆ తర్వాత ఈ కళ ఏమైంది?

1937లో జపాన్ దాడి మొదలయ్యాక కొందరు గాయకులు జనంతో పాటే పడమరకు, చోంగ్‌చింగ్ వైపు వెళ్లారు. లావో షె ఈ కళను గాయకుల దగ్గరే నేర్చుకుని, జపాన్‌కు వ్యతిరేకంగా కొత్త డోలు పాటలు రాశాడు. చోంగ్‌చింగ్‌లో పెంపుడు కూతురితో కలిసి పాడే ఫూ షావోఫాంగ్‌తో ఆయనకు స్నేహం. ఆ అనుభవంలోంచి డోలు గాయకుల మీద ఒక నవల వచ్చింది. అమెరికాలో ఉన్నప్పుడు రాశాడు. ముందు 1952లో ఇంగ్లిష్ అనువాదంగా అచ్చయింది. చైనా మూలం పోయింది. 1980లో ఇంగ్లిష్ నుంచి తిరిగి చైనా భాషలోకి తెచ్చుకోవాల్సి వచ్చింది.

1949 తర్వాత కళాకారులు ప్రభుత్వ బృందాల్లో చేరారు. జీతం, గౌరవం దొరికాయి. 1966లో సాంస్కృతిక విప్లవం మొదలయ్యాక రాజులూ సేనానులూ ప్రేమలూ ఉన్న పాత కథలన్నీ ఆగిపోయాయి. మళ్లీ వినిపించడానికి పదేళ్లు పట్టింది. గొంతు బాగున్న వయసులో పదేళ్లు పోవడం అంటే ఆ తరానికి ఎంత నష్టమో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు పాడేవాళ్లు ఉన్నారా? ఎక్కడ చూడాలి?

ఉన్నారు, తక్కువే అయినా. 2006లో షాన్‌డోంగ్ దాగు, షీహె దాగు లాంటివి చైనా జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరాయి. జింగ్‌యున్ దాగు 2008లో చేరింది. చూడాలంటే తియాన్‌జిన్ వెళ్లడమే మంచిది. అక్కడి టీ శాలల్లో టికెట్ కొని, టీ తాగుతూ వినే అలవాటు ఇంకా ఉంది. మింగ్‌లియూ టీ శాల పేరున్నది. అక్కడి శ్రోతలకు పాదాలు కంఠతా వచ్చు. గాయని కష్టమైన మలుపు దాటగానే "హావ్" అని గట్టిగా కేక వేస్తారు. దానికి కంగారు పడకండి, అది మెచ్చుకోలు. బీజింగ్‌లో చియెన్‌మెన్ దగ్గర లావో షె టీ శాల ఉంది. అక్కడ కార్యక్రమాలు టూరిస్టుల కోసం చిన్నచిన్న ముక్కలుగా ఉంటాయి, పూర్తి కథ దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి.

ఇంట్లోంచి అయితే యూట్యూబ్, బిలిబిలి చాలు. గాయకుల పేరు, కథ పేరు కలిపి వెతకండి.

చైనా భాష అస్సలు రాదు. ఎలా వినాలి?

ముందు కథ తెలుసుకోండి, అది లేకుండా మొదలుపెట్టొద్దు. సబ్‌టైటిల్స్ ఉన్న వీడియో అయితే ఒకసారి పాట ఆపి చదువుకోండి. రెండోసారి సబ్‌టైటిల్స్ చూడకుండా జంట పాదాల్లో రెండోదాని చివరి అచ్చు మీద చెవి పెట్టండి. అదే శబ్దం చివరిదాకా తిరిగి తిరిగి వస్తుంది. అది పట్టుకుంటే పాదాలు వాటంతట అవే విడివిడిగా వినపడతాయి. మూడోసారి గాయనిని వదిలేసి సాన్‌షియెన్ ఒక్కదాన్నే వినండి. గొంతు ఆగిన చోట అది ఏం చెబుతోందో గమనించండి.

ఒకే కథను ఇద్దరు పాడగా వినడం ఇంకా మంచిది. పాత రికార్డింగ్ గరగరలు ఇబ్బందిగా ఉంటే లువో యూషెంగ్ 1980ల వీడియోలతో మొదలుపెట్టి, అక్కడి నుంచి లియూ బావోచువాన్ దగ్గరికి వెనక్కి వెళ్లండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, చిడతల చప్పుడు ఫోన్ స్పీకర్‌లో సరిగ్గా రాదు.